కార్డు మీద వచ్చిన కారులో ఆళ్లగడ్డకు

నంద్యాల, ఆళ్లగడ్డ చూడాలని ఎవరూ బయలుదేరరు. మహానందికో, అహోబిలానికో, యాగంటికో పోయేవాళ్లు ఈ ఊళ్లలో బస్సు మారతారు, టీ తాగుతారు, మళ్లీ బస్సెక్కుతారు. నేను మాత్రం పనిగట్టుకుని ఆ రెండు ఊళ్లకే పోయాను. రెండువేల ఆరో సంవత్సరం, ఫిబ్రవరి నెల. నంద్యాల నేను పుట్టి పెరిగిన ఊరే. కానీ నా చేత్తో కారు నడుపుకుంటూ ఆ ఊళ్లోకి పోవడం అదే మొదటిసారి. కారు నాది కాదు. ఒక క్రెడిట్ కార్డు మీద వచ్చింది.

క్యాంటీన్లో రెండు కార్డులు

అప్పట్లో హైదరాబాదులో క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లు లేని చోటు లేదు. పెట్రోలు బంకుల దగ్గర, సినిమా హాలు మెట్ల మీద, ఆఖరికి నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్లో కూడా ఇద్దరు బల్ల వేసుకుని కూర్చునేవారు. ఇద్దరివీ వేరు వేరు బ్యాంకులు, బల్ల మాత్రం ఒకటే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియర్లోంచి తినేవారు, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ పోటీ మొదలుపెట్టేవారు.

ఒకతనిది నీలం కార్డు. దానితో ఏం కొన్నా పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే విమానం టికెట్టు ఇస్తారు. రెండో అతనిది బూడిద రంగు కార్డు. దానికి విమానం లేదు. ఏడాదికి మూడు రోజులు అద్దె కారు ఇస్తారు. డ్రైవరు ఉండడు, మనమే నడుపుకోవాలి. ముందు డిపాజిట్ కట్టనక్కర్లేదు. కారుకు దెబ్బ తగిలితే బాగుచేయించే ఖర్చు కూడా కార్డువాళ్లే చూసుకుంటారు.

"విమానం తీసుకోవే, సుగుణా. కారు ఎప్పుడైనా ఎక్కొచ్చు" అంది నాతో పనిచేసే విజయ. నేను విమానం ఎక్కింది లేదు. ఆశ పుట్టిన మాట నిజమే. నాలుగు రోజులు రెండు కార్డుల నియమాల పుస్తకాలూ సంచిలో పెట్టుకుని తిరిగాను. భోజనం వేళ చిన్న అక్షరాలన్నీ చదివాను. బూడిద కార్డు పుస్తకంలో రెండు చోట్ల పెన్సిలుతో గీత గీశాను. కారును ఆ కార్డు మీదే బుక్ చేసుకోవాలి, అది మొదటిది. కారును కార్డు ఉన్న మనిషే నడపాలి, ఇంకొకరు నడపాలంటే వాళ్ల పేరూ లైసెన్సూ ముందుగానే అద్దె కాగితాల్లో రాయించాలి, అది రెండోది.

చివరికి బూడిద కార్డే తీసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా నాయన దేవదానం నంద్యాలలో పద్దెనిమిదేళ్లు టాక్సీ నడిపాడు. ఒక పెద్దమనిషి అంబాసిడర్ అది. అందులో మా అమ్మ మార్తమ్మ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఊరివాళ్ల పెళ్లిళ్లకు, యాత్రలకు బాడుగకు పోయే బండి అది. డ్రైవరు పెళ్లాం అందులో కూర్చుని కనబడితే ఓనరు ఊరుకోడు. తొంభై మూడులో ఆళ్లగడ్డ దారిలో ఆ కారు ఒక ఆడమనిషిని గుద్దింది. గడ్డి మోపు ఎత్తుకుని పోతున్న ఆమెకు కాలు విరిగింది. కేసయింది, నాయన లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు, ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయన చేతికి బండి ఇవ్వలేదు. ఒక పత్తి మిల్లులో గేటు దగ్గర పనికి కుదిరాడు.

అమ్మ అప్పటి నుంచి ఆయన నడిపేది ఏదీ ఎక్కలేదు, ఆఖరికి సైకిలు క్యారియరు కూడా. ఆదివారం చర్చికి ఆయన సైకిలు మీద ముందు పోయేవాడు, ఆమె బైబిలు చంకలో పెట్టుకుని వెనక నడిచి వచ్చేది. ఎప్పుడు మాటా మాటా పెరిగినా "మనిషి కాలు ఇరగ్గొట్టినోనివి, నువ్వు నాకు చెప్తావా?" అనేది. నాయన ఇంక మాట్లాడేవాడు కాదు.

నేను హైదరాబాదులో ఎవరికీ చెప్పకుండా కారు నేర్చుకున్నాను. నేను నడిపితే అమ్మ ఎక్కుతుంది, నాయన పక్కన కూర్చుంటాడు, ఇద్దరినీ ఒక్క బండిలో ఒకసారి తిప్పాలి అనుకున్నాను. విమానం ఆ పని చేయలేదు.

ఓర్వకల్లు రాళ్ల దగ్గర

మా ఆయనకు సెలవు దొరకలేదు. పాపను వాళ్ల నాయనమ్మ దగ్గర వదిలి ఒక్కదాన్నే బయలుదేరాను. తెల్లటి చిన్న కారు. కర్నూలు వంతెన మీద ఒకసారి, ఊరి నడుమ ఇంకొకసారి ఆగిపోయింది. తప్పు దానిది కాదు, నా క్లచ్చుది. రెండోసారి వెనక ఉన్న లారీ క్లీనరు దిగి వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. "ఒక్కదానివేనా అక్కా? భయపడొద్దు, నేను ఆపుతా" అని లారీల వరసకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. హైదరాబాదులో అయితే హారన్లతో చంపేసేవారు.

ఓర్వకల్లు దగ్గర పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి ఎదురుగా ఒక గుడిసె హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. బొరుగులను నానబెట్టి తిరగమాత వేసి, పైన పుట్నాల పొడి చల్లే ఈ ఉగ్గాని కోసం హైదరాబాదులో ఎన్ని సందులు తిరిగానో. దొరికినా, ఆ పొడి రుచి రాదు. హోటలామె నా చేతిలో తాళం చెవి చూసి, ఇంకో బజ్జి ఊరికే వేసింది. "మా పిల్లకు కూడా నేర్పిస్తా" అంది.

నంద్యాల

నాయన మిల్లు నుంచి వచ్చేసరికి మా సందు మొదట్లో కారు పెట్టి ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరు మీద చెప్పుకాలితో తట్టాడు.

"ఎవురిది పాపా బండి?"

"మూడు దినాలు నాదే నాయనా. కార్డు మీద ఇచ్చినారు."

అమ్మ హాస్టల్లో వంట ముగించుకుని అప్పుడే వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి ఆమె. చెంగుతో చేతులు తుడుచుకుంటూ కారును అనుమానంగా చూసింది. "దుడ్లు లేకుండా కారిస్తారా ఎవురన్నా? యాడనో సంతకం పెట్టింటావు."

నేను లోపలి నుంచి కాగితాలు తెచ్చి, కార్డు సంగతి, ఆ రెండు నియమాల సంగతి చెప్పాను. "నాయనా, నువ్వు మాత్రం నడపకూడదు. కాగితాల్లో నా పేరే ఉండాది. నీ పేరు కూడా రాయించాలంటే లైసెన్సు నకలు పంపియ్యాల."

"ఆయన పేరు యాడా రాయొద్దు" అంది అమ్మ.

నాయన బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ పూట అమ్మ జొన్న రొట్టెలు చేసింది, చెనిగ్గింజల చట్నీ, అదే వేరుశనగ చట్నీ, నూరింది. ఆమె రొట్టె తట్టే చప్పుడు పక్క ఇంటికి వినబడుతుంది. హైదరాబాదులో నేను కొనుక్కునే రొట్టె రెండు రూపాయలకు దొరికేది, కానీ నోట్లో పెడితే అట్ట ముక్క. అమ్మ తింటూ తింటూ అసలు సంగతి చెప్పింది. వాళ్లమ్మ సారమ్మ, అంటే మా అవ్వ, పోయి తొమ్మిదేళ్లయింది. సమాధి మీద కర్ర సిలువ తప్ప ఏమీ లేదు, అదీ చెదలు పట్టింది. ఆళ్లగడ్డలో శిల్పులు ఉన్నారు కదా, ఒక రాయి చెక్కించాలి. కారు వచ్చింది గనుక రేపు పోవాలి.

ఆళ్లగడ్డ దారి

పొద్దున్నే బయలుదేరాం. నాయన నా పక్కన, అమ్మ వెనక సీట్లో టిఫిను క్యారియరు ఒళ్లో పెట్టుకుని. ఎడమ చేతి వైపు దూరంగా నల్లమల కొండలు మనతో పాటే వస్తుంటాయి. కింద నల్లరేగడి. కొన్ని చేలల్లో జొన్న కోసి కట్టలు నిలబెట్టారు, కొన్నింట్లో శనగ పీకుతున్నారు. శనగ చేను పక్కగా పోతే గాలిలో పుల్లటి వాసన. చిన్నప్పుడు ఆ ఆకు నాకితే నాలుక చురుక్కుమనేది.

నాయన నోటితో ఏమీ అనకుండానే నాకు బండి నేర్పాడు. నేను గేరు మార్చడం ఆలస్యమైతే ఆయన ఎడమ కాలు నేలను తొక్కేది. ఎదురుగా గొర్రెలు వస్తే కుడికాలు తొక్కేది.

"ఆడ బ్రేకు ల్యా నాయనా" అన్నాను నవ్వుతూ.

"ఎరుకేలే. కాలు ఇనదు."

దారిలో ఒక చెట్టు కింద చెంచుల దంపతులు తేనె అమ్ముతుంటే ఆగాం. కొండ దిగి పొద్దున్నే వచ్చారట. సీసా అరవై రూపాయలు. అమ్మ యాభైకి అడిగింది. చెంచు ఆయన బేరమాడలేదు, సీసా తీసి పక్కన పెట్టేశాడు. "పట్టణంలో చక్కెర పాకం నలభైకే ఇస్తారమ్మా, అది తీసుకో" అన్నాడు కోపం లేకుండా. అమ్మ అరవై ఇచ్చింది. కారెక్కాక చాలా దూరం "మనిషి మాట చూడు" అని మెచ్చుకుంటూనే ఉంది.

సిరివెళ్ల దాటాక నాయన కాలు తొక్కడం మానేసింది. రోడ్డు పక్క ఒక మలుపును అది వెనకబడేదాకా చూశాడు. వెనక అమ్మ కూడా అటే చూసింది. ఆ మలుపు ఏమిటో ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసింది.

రాళ్ల మధ్య

ఆళ్లగడ్డలో శిల్పుల చోటికి కళ్లు మూసుకుని పోవచ్చు. ఉలి చప్పుడే దారి చూపుతుంది. రోడ్డు వారగా వినాయకులు, నందులు, ముఖం ఇంకా రాని అమ్మవార్లు దుమ్ము పట్టి నిలబడి ఉంటారు. ఒక షెడ్డు ముందు అరవై ఏళ్ల ఆచారి రాతి మీద నీళ్లు చల్లి చెక్కుతున్నాడు. అమ్మ సిలువ కావాలనగానే "ఎన్ని చెయ్యల్యా" అన్నాడు. "మొన్ననే కడపకు రెండు పంపిస్తి. ఏం రాయాల?"

"సారమ్మ, మిడుతూరు. కూలి చేసి ఆరుగురిని పెంచిన తల్లి" అంది అమ్మ. ఆ మాట ఆమె ఎన్నాళ్లుగా అనుకుని పెట్టుకుందో.

ఆచారి వేళ్ల మీద లెక్కపెట్టాడు. అక్షరానికి ఏడు రూపాయలు. గుణింతానికి వేరే డబ్బు లేదు. ఒత్తుకు మాత్రం మూడు రూపాయలు ఎక్కువ.

"ఒత్తుకు ఏంటికి?"

"కిందికి దిగి చెక్కాల గదమ్మా. 'తల్లి'కి ఒక ఒత్తు, 'సారమ్మ'కు ఒక ఒత్తు."

"ఒత్తు లేని తల్లి యాడ దొరుకుతాది?" అంది అమ్మ. పక్కన చెక్కేవాళ్లు ముగ్గురూ నవ్వారు. ఆచారి కూడా నవ్వి, పేరులోని ఒత్తుకు డబ్బు వదిలేస్తానన్నాడు. రాయి, చెక్కుడు, అన్నీ కలిపి పన్నెండు వందల దగ్గర బేరం కుదిరింది.

ఎండ ఎక్కింది. నాయన నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యి పాపా. బండి ఎండలో ఉండాది, నీడకు పెడతా."

ముప్పై గజాల దూరం. పుస్తకంలో నేను గీసిన గీత గుర్తుకు రాకపోలేదు. కానీ పద్దెనిమిదేళ్లు బండి నడిపిన మనిషి పదమూడేళ్ల తర్వాత చెయ్యి చాపితే, లేదనడానికి నోరు రాలేదు. ఇచ్చాను.

ఆయన కారును తీసి, మెల్లగా వేపచెట్టు కిందికి తెచ్చి, ఆపాడు. అప్పుడే పక్క షెడ్డులోంచి రాళ్లు దించిన ట్రాక్టరు వెనక్కి వచ్చింది. నాయన హారను కొట్టాడు. ఉలి చప్పుళ్లలో అది ఎవరికీ వినబడలేదు. ట్రాక్టరు ట్రాలీ వచ్చి కారు ముందు భాగానికి తగిలింది. దీపం పగిలింది, బంపరు ఊడింది, బానెట్ మడత పడింది.

మనుషులకు ఏమీ కాలేదు. కానీ అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, కారు ముందు భాగం చూసి, స్టీరింగు వెనక ఉన్న నాయనను చూసింది.

"నేను చెప్పల్యా?" అంది. "ఆ చెయ్యి తగిలితే ఇంతే."

ఎవరు నడిపినారు

ట్రాక్టరు డ్రైవరు పేరు మద్దిలేటి. పాతికేళ్ల మనిషి, ట్రాక్టరు దిగి పరుగున వచ్చాడు. "తప్పు నాదేనమ్మా. వెనక చూసుకోల్యా. పెద్దాయన ఆపే ఉండాడు" అన్నాడు అమ్మతో. అప్పటికి టీ కొట్టు నుంచి, షెడ్ల నుంచి పదిమంది చేరారు.

నేను కార్డు తీసి వెనక ఉన్న నంబరు చూశాను. ఇలాంటి దెబ్బకు డబ్బు కట్టేది ఈ కార్డువాళ్లే కదా. ఫోను చేయబోతూ నియమం సంగతి వాళ్లకు చెప్పాను, కార్డు ఉన్న మనిషే నడపాలి, నాయన పేరు కాగితాల్లో లేదు అని.

"అంతేనా? మీరే నడిపినారని చెప్పండమ్మా" అన్నాడు టీ కొట్టు ఆయన. "చూసినోళ్లం మేమే గదా."

"నేను సంతకం పెడతా" అన్నాడు మద్దిలేటి. ఇంకొకాయన తన పేరు, ఊరు, తండ్రి పేరు కూడా చెప్పేశాడు, సాక్షిగా రాసుకోమని. నాకు నిజంగానే ప్రాణం లేచి వచ్చింది. ఎవరికీ నష్టం లేదు. ముప్పై గజాల దూరానికి ఎవరు నడిపితే ఏమిటి?

"వద్దు పాపా" అన్నాడు నాయన.

"నాయనా, వేలల్లో అవుతుంది."

"కానీ." ఆయన కారు దిగి తలుపు మెల్లగా మూశాడు. "ఒకసారి నేను నడపకనే నడిపినా అని చెప్పినా. ఈసారి నడిపి నడపల్యా అని చెప్పాల్నా?"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. "ఏందీ? నడపకనే నడిపినా అన్నావా? ఎప్పుడు?"

నాయన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఆ పదిమంది ముందే చెప్పాడు, దాచుకునే ఓపిక అయిపోయినట్టు. తొంభై మూడులో ఆ రోజు బండి నడిపింది ఓనరు కొడుకు. పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్లోడు, లైసెన్సు లేదు. సరదాపడి స్టీరింగు లాక్కున్నాడు. నాయన పక్క సీట్లో ఉన్నాడు. ఆ సాయంత్రం ఓనరు ఇంటికి పిలిపించి, నేనే నడిపినానని చెప్పు దేవదానం, నీ బిడ్డ నర్సు చదువు నేను చూసుకుంటా అన్నాడట.

నేను నర్సింగు చదివిన మూడేళ్లూ ఫీజు ఎవరో దొర సాయమని, చర్చి ద్వారా వచ్చిందని నాయన చెప్పేవాడు. నేను ప్రతి క్రిస్మసుకూ ఆ ముఖం తెలియని దొర కోసం ప్రార్థన చేశాను. నా జీతం, ఆ జీతం చూసి ఇచ్చిన కార్డు, ఆ కార్డు మీద వచ్చిన కారు, అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయని ఆ వేపచెట్టు కింద తెలిసింది.

"పాప చదువుకు కట్టింది ఆ మనిషా?" అంది అమ్మ.

"ఊ."

"నాకేంటికి చెప్పల్యా?"

"చెప్తే ఊరుకుంటావా? పోయి వాళ్లింటి ముందర నిలబడి అరుస్తావు. పాప చదువు ఆగిపోతాది."

"అరుస్తా. అరవక?" అమ్మ గొంతు పైకి లేచి, అక్కడే ఆగిపోయింది. తర్వాత చాలా చిన్నగా అంది. "పదమూడేండ్లు అన్ని మాటలు నన్ను అననిచ్చినావే."

నాయన తల వంచుకున్నాడు. "ఆయమ్మ కాలు ఇరిగింది నిజమే గదా. పక్కన కూర్చోని నేనన్నా ఆపల్యా. నెలనెలా పోయి చూసొస్తాంటి, కాలు అతికిందాకా."

అమ్మ లేచి రాళ్ల మధ్యకు పోయి, సగం చెక్కిన ఒక నంది పక్కన మాకు వీపు పెట్టి కూర్చుంది. ఎవరూ ఆమె దగ్గరికి పోలేదు.

నేను ఫోను చేశాను. ఉలి చప్పుళ్లకు ఏమీ వినబడలేదు. ఆచారి చెయ్యి ఎత్తాడు, చెక్కడం ఆగింది. అవతల ఒక అమ్మాయి గొంతు, ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చుని మాట్లాడుతోంది. కారు నంబరు, స్థలం అడిగింది. తర్వాత "ప్రమాదం జరిగినప్పుడు వాహనం ఎవరు నడుపుతున్నారు మేడమ్?" అంది.

"మా నాన్న."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మేడమ్, కార్డు మీ పేరు మీదే కదా. ఆ టైములో మీరు స్టీరింగు దగ్గర లేరా? ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి."

ఆమె నాకు సందు ఇస్తోంది. ఎవరో తెలియని పిల్ల, మంచి మనసుతోనే. నాయన నా వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నాడు.

"లేనమ్మా. మా నాన్నే నడిపారు. ఆయన తప్పు లేదు, ట్రాక్టరు వచ్చి తగిలింది. కానీ నడిపింది ఆయనే."

"అయితే ఇది వర్తించదు మేడమ్. సారీ" అంది. నిజంగానే బాధపడినట్టు ఉంది ఆ సారీ.

ఫోను పెట్టేశాను. టీ కొట్టు ఆయన అందరికీ టీలు పోశాడు, డబ్బు తీసుకోలేదు. మద్దిలేటి ఒక తాడు తెచ్చి బంపరు కట్టాడు. కట్టడం అయ్యాక ట్రాక్టరులోంచి చెనిక్కాయల సంచి తీసి వెనక సీట్లో పెట్టాడు. వద్దన్నా వినలేదు. తిరుగు దారిలో నేనే నడిపాను.

పానెం, బనగానపల్లె

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ తలారా స్నానం చేసి, ఆదివారం చీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. ఆ రోజు ఆదివారం కాదు.

"ఆ కారు కాగితాల మీద ఇంకొక పేరు రాపిచ్చుకోవచ్చునంటివే" అంది. "యాడ రాయాల?"

నేను తెల్లబోయి చూశాను. కారు ఇచ్చినవాళ్లకు లైసెన్సు నకలు ఫ్యాక్సు చేసి, ఫోనులో ఒప్పుకుంటే చాలని చెప్పాను.

"అయితే బేగా పంపియ్యి."

నాయన పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన లైసెన్సు తీశాడు. పదమూడేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు. నడపడానికి బండి లేదు, అయినా రెన్యూవలు ఖర్చు ఎప్పుడూ పెట్టుకుంటూనే వచ్చాడు. బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతులో పేజీకి పదిహేను రూపాయలిచ్చి ఫ్యాక్సు చేశాం. కారు ఆఫీసు మనిషి మొదట ఫోనులో దెబ్బ సంగతికి నన్ను చీవాట్లు పెట్టాడు. బిల్లు ఎంతవుతుందో తర్వాత చెప్తామన్నాడు. అది తొమ్మిది వేలు దాటింది, ఆ కార్డు మీదే వాయిదాల్లో కట్టాను. ఆ తర్వాత, నాయన లైసెన్సు చూసి, ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ని ముందే ఎందుకు రాయించలేదమ్మా అని, రెండో డ్రైవరుగా పేరు చేర్చాడు.

యాగంటి పోదామంది అమ్మ. మేం పూజకు పోయేవాళ్లం కాదు. కానీ నాయన పద్దెనిమిదేళ్లు ఊరివాళ్లను యాగంటికి దింపి, వాళ్లు తిరిగొచ్చేదాకా బయట బండిలో కూర్చున్నాడు. ఆ గుహలు, ఆ నీళ్లు ఎట్లా ఉంటాయో చూడలేదు. "ఈ పొద్దు లోపలికి పోదాం" అంది అమ్మ.

నేను వెనక సీటు తలుపు తీసి పట్టుకున్నాను. అమ్మ దాన్ని దాటి ముందుకు పోయి, ముందు సీట్లో కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. నాయన తాళం తిప్పబోతూ ఆగాడు. "భయంగా ఉంటే చెప్పు" అన్నాడు.

"పోనీయప్పా. ఎంతసేపు?" అంది.

వెనక కూర్చుంటే నాకు ఇద్దరి తలలే కనబడేవి. పానెం దాకా అమ్మ బిగుసుకుని, రోడ్డు మీది ప్రతి బర్రెనూ చూపిస్తూ వచ్చింది. "అద్దో, అద్దో" అనేది. "చూస్తాండాలే" అనేవాడు. పానెంలో ఆగి గుంత పొంగనాలు తిన్నాం, ఆరు పొంగనాలు ఐదు రూపాయలు. అమ్మ తన ఆకులోంచి రెండు తీసి నాయన ఆకులో వేసింది. ఆయన తినడం ఆపి ఆకు వైపు చూశాడు, మళ్లీ తినసాగాడు.

నాయన రోడ్డు మీద నడపడం పక్కనుండి నేను అంతకు ముందు చూడలేదు. చిన్నప్పుడు ఆయన బండి సందు చివర దుమ్ము లేపుకుంటూ పోవడమే చూశాను. గేరు ఎప్పుడు మారిందో తెలియదు. గుంత వస్తే కారు దాన్ని అడిగి దాటినట్టు దాటేది. పానెం దాటిన కొంతసేపటికి అమ్మ బర్రెలను చూపించడం మానేసింది. ఇంకొంతసేపటికి ఆమె తల మెల్లగా కిటికీ వైపు వాలింది.

నాయన వేగం తగ్గించాడు. వెనక నుంచి బస్సులు, ఆటోలు, ఆఖరికి గడ్డి వేసుకున్న ఒక ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటి పోయాయి. బనగానపల్లె వచ్చింది, పోయింది. యాగంటికి తిరిగే దారి దగ్గర బోర్డు కనబడింది. ఆయన తిరగలేదు, నేరుగా పోనిచ్చాడు.

"నాయనా, దారి తప్పినావు" అన్నాను ముందుకు వంగి.

"తప్పల్యా" అన్నాడు గుసగుసగా. "ఆ రోడ్డంతా గుంతలు. ఇప్పుడే కన్ను మూసింది. ఉండనీ."

అట్లా పోతూనే ఉన్నాం. రెండు వైపులా శనగ చేలు, ఎండ, ఎదురుగా ఎవరూ లేని రోడ్డు. అమ్మ కళ్లు తెరిచేసరికి ఔకు కూడా దాటిపోయాం. ఆమె చీర సర్దుకుని, అద్దంలోంచి బయటికి చూసింది.

"యాగంటి వచ్చెనా?"

"ఇంగా రాలేదు" అన్నాడు నాయన. "పండుకో."